పొలమారినప్పుడు

అన్నం తింటున్న వాళ్లకి పొలమారితే పక్కవాళ్లు నడినెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. మా అమ్మ తనకి పొలమారినప్పుడల్లా "మా అమ్మేనే" అనేది, వాళ్లమ్మ పోయి నలభై ఏళ్లు దాటినా. ఆ మాట హైదరాబాదు శివార్లలోని వృద్ధాశ్రమం దాకా అమ్మ వెంట వచ్చింది. నేను చూడ్డానికి వెళ్లినప్పుడల్లా పక్క మంచం మామ్మగారు "మీ అమ్మగారికి పూటకి పదిసార్లు పొలమారుతోందమ్మా, మీరెంత తలుచుకుంటున్నారో!" అనేవారు. కన్నతల్లిని హోమ్‌లో చేర్చిన కూతురికి ఆ మాట ఎంత ఊరటగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఐదు నెలల పాటు ఆ ఊరటతోనే ఇంటికి తిరిగొచ్చాను. ఆ ఐదు నెలల్లో అమ్మ 49 కిలోల నుంచి 41 కిలోలకు వచ్చింది.

2022 జూన్‌లో అమ్మని అక్కడ చేర్చాం. అప్పటికి అమ్మకి 88, నాకు 69. అంతకు ముందు ఏడాది చిన్న పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ త్వరగానే తేరుకున్నాయి గానీ మతిమరుపు మాత్రం ఆగలేదు. డాక్టర్లు డిమెన్షియా అన్నారు. అర్ధరాత్రి గ్యాస్ వెలిగించి మరిచిపోయేది. తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. నా మోకాళ్లు నన్నే మొయ్యడం లేదు. కారణాలు ఇంతకంటే చెప్పను. వృద్ధాశ్రమం అనగానే "కూతురుండి కూడా?" అని మొదట అడిగేది మన స్నేహితురాళ్లే. కొడుకుండి కూడా అని ఒక్కరూ అడగలేదు.

ఆశ్రమంలో ప్రతి మనిషికీ ఒక రిజిస్టరు ఉంటుంది. బీపీ, మందులు, విరేచనం, స్నానం. భోజనం దగ్గర రోజూ ఒకే మాట: "తీసుకున్నారు". అమ్మ పళ్లెంలో ఎంత వడ్డించారో, ఎంత మిగిలిందో, ఎంత సేపు పట్టిందో రాయడానికి అందులో గడి లేదు. బరువు తగ్గుతోందేమిటని అడిగితే మేనేజరు నవ్వి "మీ అమ్మగారు కొంచెం మొండి మేడం. నోరు తెరవరు. బలవంతం చేస్తే ఉమ్మేస్తారు" అన్నాడు.

నేను ఆ మాట నమ్మాను. ఎందుకు నమ్మానో చెప్పాలంటే అమ్మ గురించి కొంత చెప్పాలి.

మా అమ్మ మడి కట్టుకుని వండిన మనిషి. పదేళ్ల క్రితం దాకా కూడా బయట కాఫీ తాగలేదు. 1974లో వాల్తేరులో నేను ఎమ్మే చదువుతున్నప్పుడు నా రూమ్మేటు సెలవులకి మా ఊరొచ్చింది. దళిత అమ్మాయి. అమ్మ ఆ పిల్లని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, వసారాలో విడిగా విస్తరేసి, కొసరి కొసరి వడ్డించింది. ఆ పిల్ల వెళ్లాక మంచినీళ్లు తాగిన గ్లాసుని పెరట్లో నిప్పుల మీద వేసి తీసింది. నేను చూశాను. ఆ రోజు నుంచి అమ్మకీ నాకూ మధ్య మొదలైన యుద్ధం నా ఉద్యోగంలో, నా పెళ్లిలో, నేను రాసిన కథల్లో కూడా సాగింది. అందుకే ఆశ్రమంలో ఆయా చెంచా ఎత్తగానే అమ్మ పెదాలు బిగించిందంటే నాకు వెంటనే తట్టిన కారణం అదే. మతి పోయినా మడి పోలేదన్నమాట అనుకున్నాను. కోపమొచ్చింది. కోపం కింద కొంచెం తృప్తి కూడా ఉందేమో. యాభై ఏళ్ల వాదనలో నేనే కరెక్టు అని ఇంకొక రుజువు దొరికినట్టు.

నేను అలా అనుకుంటున్నానని ఆయాకి అర్థమైందో ఏమో తెలియదు. నల్గొండ వైపు నుంచి వచ్చిన మనిషి, నలభై దాటి ఉంటాయి. ఇంకా అక్కడే పనిచేస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఒక రోజు మధ్యాహ్నం నేను అమ్మ మీద విసుక్కుంటుంటే నా చేతిలోంచి చెంచా తీసుకుని అంది: "మామ్మకు మొండి కాదు మేడం, భయం. మింగితే గొంతుల పడతదని భయం. చూడుర్రి, చెంచా కనవడంగనే భుజాలు ఎట్ల బిగుసుకుంటయో."

చూశాను. నిజంగానే భుజాలు చెవుల దాకా లేచాయి. ఐదు నెలలుగా నేను అమ్మ నోటినే చూస్తున్నాను, భుజాలు చూడలేదు.

తర్వాత ఒక ఆస్పత్రిలో స్పీచ్ థెరపిస్టు దగ్గరకు తీసుకెళ్లాం. మాటలు సరిచేసే వాళ్లకీ మింగడానికీ సంబంధమేమిటని నాకు అప్పటిదాకా అనుమానం. మాటా మింగుడూ ఒకే దారిలో నడుస్తాయని ఆ అమ్మాయి బొమ్మ గీసి చూపించింది. గొంతులో గాలి దారీ అన్నం దారీ ఒకచోట కలిసి విడిపోతాయి. ముద్ద అక్కడికి చేరగానే ఊపిరి ఆగాలి, స్వరపేటిక పైకి లేవాలి, శ్వాసనాళం మూతపడాలి, ఆహారనాళం తెరుచుకోవాలి. ముప్పైకి పైగా కండరాలూ నరాలూ కలిసి గొంతులో చేసే ఈ పని సుమారు ఒక్క సెకనులో అయిపోతుంది. రోజుకి వందల సార్లు ఈ పని చేస్తూ ఒక్కసారీ దాని గురించి ఆలోచించం. పక్షవాతం వచ్చినా, పార్కిన్‌సన్స్ వచ్చినా, మతిమరుపు ముదిరినా ఆ సెకను లయ తప్పుతుంది. మూత పడేలోపే నీళ్లు జారిపోతాయి. వైద్యులు ఈ ఇబ్బందిని డిస్‌ఫేజియా అంటారు. పొలమారడమంటే శరీరం తనను కాపాడుకోవడం. అది కూడా లేకుండా, దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారిపోయే వాళ్లు కొందరుంటారు. వాళ్లని ఎవరూ తలుచుకోవడం లేదని పక్కవాళ్లు అనుకుంటారు కాబోలు.

"అమ్మమ్మగారు నీళ్లెలా తాగుతారు?" అని అడిగింది ఆ అమ్మాయి. నేను చూపించాను. తల వెనక్కి వంచి, నోరు తెరిచి, గ్లాసు పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకోవడం. ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. తల వెనక్కి వాల్చి నీళ్లు ధారగా పోసుకోవడం కంటే ఇలాంటి మనిషికి ప్రమాదమైన పద్ధతి ఇంకోటి లేదట. గడ్డం కాస్త కిందికి దించి, గుటక గుటకగా చప్పరించాలట. ఎనభై ఏళ్లుగా ఎంగిలి కాకుండా తాగిన మనిషి అమ్మ. అన్నీ మరిచిపోయిన మెదడు ఆ చెయ్యి ఎత్తడం మాత్రం మరిచిపోలేదు. నేను మడి మీద పెట్టిన నేరం తప్పే గానీ, మడికి అమ్మ గొంతుతో అసలు సంబంధమే లేదని కూడా అనలేను.

ఇక ఆహారం. మనం జబ్బు మనిషికి మెత్తగా ఉంటుందని చారన్నం పెడతాం. ఆశ్రమంలో అమ్మకి రెండు పూటలా అదే. అది అన్నిటికంటే కష్టమైన తిండి అని చెప్పింది థెరపిస్టు. చారు పల్చగా ముందే జారిపోతుంది, మెతుకులు నోట్లో ఉండిపోతాయి. ఒకే ముద్దలో రెండు వేగాలు. మజ్జిగన్నం కూడా అంతే. ఇడ్లీ పొడిపొడిగా విరిగి గొంతు గోడలకి అంటుకుంటుంది. మెత్తగా ఉడికించి, మెదిపి, మెతుకు తెలియకుండా కలిసిపోయిన ముద్దపప్పూ నెయ్యీ అన్నం మేలు. గట్టి పెరుగు మేలు. బాగా మగ్గిన బొప్పాయి గుజ్జు, చిక్కటి రాగిజావ మేలు. ఇవేవీ దుకాణంలో కొనేవి కావు. కాకపోతే అరవై మందికి ఒకే గిన్నెలో వండే చోట ఏ ఒక్కరి గొంతు కోసమూ విడిగా మెదపరు.

ఆహారాన్నీ పానీయాల్నీ చిక్కదనాన్ని బట్టి సున్నా నుంచి ఏడు వరకు మెట్లుగా విభజించిన అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. ఐడీడీఎస్ఐ అంటారు. దానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. పది మిల్లీలీటర్ల సిరంజీలో ద్రవం నింపి పది సెకన్లలో ఎంత కారిందో చూడటం, మెదిపిన అన్నాన్ని ఫోర్కు మీద వేసి పళ్ల మధ్య నుంచి కారుతోందా అని చూడటం, చెంచా వంచితే ముద్ద జారుతోందా అంటుకుంటోందా అని చూడటం. థెరపిస్టు ఇది నేర్పుతున్నప్పుడు మాతో వచ్చిన ఆయా ముసిముసిగా నవ్వింది. బయటికొచ్చాక అడిగితే, "నేను వేలితోని తీసి చూస్తా మేడం, అంతే" అంది. జావ వేలి మీద నుంచి ఎలా జారితే ఏ మామ్మ మింగుతుందో ఆవిడకి తెలుసు. పద్నాలుగు మంది గొంతులు ఆవిడ వేలి చివర ఉన్నాయి. రిజిస్టరులో ఒక్కటీ లేదు. స్త్రీల జ్ఞానం, మౌఖిక సంప్రదాయం అని నేను క్లాసుల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఎదురుగా ఉంటే ఐదు నెలలు గుర్తుపట్టలేకపోయాను.

కాఫీ దగ్గర మాత్రం అందరం ఓడిపోయాం. అమ్మకి ఫిల్టరు కాఫీ ప్రాణం. పల్చటి ద్రవాలన్నీ పొడి కలిపి చిక్కబరచమన్నారు. ఆ పొడి కలిపితే కాఫీ జిగురు అయింది. అమ్మ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. తర్వాత చదువుకుంటే తెలిసింది: చిక్కబరిస్తే పొరపోవడం తగ్గినట్టు ఎక్స్‌రే పరీక్షల్లో కనిపిస్తుంది గానీ, న్యుమోనియా తగ్గుతుందనడానికి రుజువు అంత బలంగా లేదు. రుచి నచ్చక నీళ్లు తాగడం తగ్గి ఒళ్లు ఎండిపోయే ప్రమాదం మాత్రం ఉంది. థెరపిస్టుతో మాట్లాడి ఒక ఒప్పందానికి వచ్చాం. నోరు శుభ్రంగా కడిగి, నిటారుగా కూర్చోబెట్టి, ఉదయం పూట చిన్న చెంచాతో మామూలు కాఫీ, అదీ రెండు ఔన్సులు. తెలిసి తీసుకున్న ప్రమాదం అది. తమ్ముడికి చెప్పలేదు.

నోరు కడగడం అన్నానుగా, దాని గురించి ఒక మాట. 1998లో సుసాన్ లాంగ్‌మోర్ అనే పరిశోధకురాలి బృందం వృద్ధుల్లో ఇలా పొరపోయి వచ్చే న్యుమోనియా గురించి ఒక అధ్యయనం ప్రచురించింది. మింగుడు ఇబ్బంది ఒక్కటే న్యుమోనియాకి చాలదని తేలింది. తినడానికి ఇంకొకరి చేతి మీద ఆధారపడటం, నోటి శుభ్రతకి ఇంకొకరి మీద ఆధారపడటం, పాడైన పళ్లు, ఇవి అంతకంటే గట్టి సూచనలట. జపాన్‌లో పదకొండు నర్సింగ్ హోమ్‌లలో రెండేళ్లు చేసిన ఇంకో అధ్యయనం 2002లో అచ్చయింది. భోజనం తర్వాత పళ్లు తోమించిన వాళ్లలో 11 శాతం మందికి, తోమించని వాళ్లలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. మందు కాదు, యంత్రం కాదు, ఒక బ్రష్షు. దాన్ని పట్టుకునే చెయ్యి. మా ఆశ్రమంలో రాత్రి పూట ఒక అంతస్తుకి ఒకే ఆయా. కట్టుడు పళ్లు తీసి కడగడం ఎవరి పనో ఎవరికీ తెలియదు. అమ్మ పళ్ల సెట్టు కింద రెండు రోజుల నాటి పప్పు నేనే చూశాను.

ఒక రోజు గడియారం పెట్టుకుని కూర్చున్నాను. అమ్మకి ఒక చిన్న గిన్నెడు పప్పన్నం తినిపించడానికి నలభై నిమిషాలు పట్టింది. ఒక చెంచా, ఆగడం, గొంతు కదిలిందా చూడటం, మళ్లీ ఖాళీగా ఒకసారి మింగమనడం, అప్పుడు ఇంకో చెంచా. ఆ అంతస్తులో చేత్తో తినిపించాల్సిన వాళ్లు పద్నాలుగు మంది. ఆయాలు ఇద్దరు. భోజనం వేళ పన్నెండున్నర నుంచి ఒకటిన్నర. ఇద్దరి గంటా కలిపి పద్నాలుగు మందికి పంచితే ఒక్కొక్కరికి తొమ్మిది నిమిషాలు కూడా రావు. అందులోనే పళ్లాలు తేవడం, మూతులు తుడవడం, బట్టలు మార్చడం. మరి ఆ తొమ్మిది నిమిషాల్లో ఏం జరుగుతుంది? చెంచా పెద్దదవుతుంది. జావ పల్చబడుతుంది. తల వెనక్కి వాలుతుంది. ఆ తర్వాత మనిషి మొండి అవుతుంది.

రెండు గంటలకి ఆయాలు వంటగది మెట్ల మీద కూర్చుని మిగిలింది తింటారు. ఒకామె కూర్చునే తీరిక కూడా లేక నిలబడే తినేస్తుంది. మా ఇంట్లో అమ్మ అలాగే తినేది. నాన్నకీ, మాకూ, వచ్చిన వాళ్లకీ, ఆఖరికి గేదె దగ్గర పాలేరుకీ పెట్టాక, మూడింటికి, గిన్నెల అడుగున మిగిలినదాన్ని కలుపుకుని ఐదు నిమిషాల్లో మింగేసేది. ఆవిడ తిన్నదా లేదా అని మేమెవరం ఎన్నడూ చూడలేదు. అమ్మ జీవితంలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని నలభై నిమిషాల పాటు "మింగావా?" అని అడగడం ఇదే మొదలు.

మన లెక్కలు కూడా మా ఇంటి లాంటివే. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశంలో 57 శాతం మంది స్త్రీలకి రక్తహీనత ఉందని చెప్పింది. ఏ స్త్రీలు? 15 నుంచి 49 ఏళ్ల మధ్య వాళ్లు. పిల్లల్ని కనే వయసు దాటితే ఆ లెక్కలోంచి ఆడదాని రక్తం తప్పుకుంటుంది. పెద్దవాళ్ల కోసం 2017–18లో లాసీ సర్వే జరిగింది, 72 వేల మందికి పైగా. మంచిదే. కానీ అదీ ఇళ్లకి వెళ్లి చేసిన సర్వే. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 19వ సెక్షన్‌లో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకి కనీసం ఒకటితో మొదలుపెట్టి వృద్ధాశ్రమాలు ఏర్పాటు చేయవచ్చంటుంది. వాటి ప్రమాణాల గురించి చెబుతూ వైద్యానికీ వినోదానికీ అవసరమైన సేవలని రాసింది. అన్నం ఎవరు తినిపిస్తారు, ఎంతమందికి ఎంతమంది, ఆ సెక్షన్‌లో లేదు. చట్టం రాసినవాళ్లకి అన్నం దానంతట అదే నోట్లోకి వెళ్తుందని అనుభవం అయి ఉండాలి.

డిసెంబరులో మేనేజరు పిలిచాడు. మర్యాదగానే మాట్లాడాడు. "ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేయించండి మేడం. ఆవిడకీ సుఖం, మాకూ రిస్కు ఉండదు. లేదంటే మేం ఉంచుకోవడం కష్టం." ఆ హాల్లో అప్పటికే ఇద్దరికి గొట్టాలున్నాయి. వాటిని లాగేసుకుంటున్నారని ఇద్దరి చేతులూ పాత చీర ముక్కలతో మంచం పట్టీకి కట్టేసి ఉన్నాయి. చీర ముక్కలు మెత్తగానే ఉన్నాయి, ఆయాలు చూసి కట్టారు.

ఆ రాత్రి తమ్ముడు ఫోన్లో ఏడ్చాడు. "అక్కా, అమ్మని ఆకలితో చంపుతామా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మన భాషలో తల్లికి అన్నం పెట్టకపోవడం కంటే పెద్ద తిట్టు లేదు. మూడు రోజులు కూర్చుని చదివాను, ఇద్దరు డాక్టర్లతో మాట్లాడాను. బాగా ముదిరిన డిమెన్షియాలో గొట్టం వేస్తే ఎక్కువ కాలం బతుకుతారనిగానీ, న్యుమోనియా తగ్గుతుందనిగానీ రుజువు లేదు. నోట్లో ఊరే లాలాజలం ఎలాగూ జారుతూనే ఉంటుంది. అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ 2014లో ప్రచురించిన ప్రకటనలో ఇలాంటి వాళ్లకి గొట్టం వద్దు, జాగ్రత్తగా చేత్తో తినిపించండి అంది. పక్షవాతం వచ్చిన కొత్తలో, కోలుకునే ఆశ ఉన్నవాళ్లకి గొట్టం వేయడం వేరే సంగతి, దాన్ని తప్పు పట్టడం లేదు. తమ్ముడికి ఇదంతా రాసి పంపాను. రెండు రోజులకి "నువ్వు దగ్గరున్నావు, నువ్వే చూడు" అని జవాబిచ్చాడు. అది ఒప్పుకోలో, తప్పుకోవడమో నేను అడగలేదు.

గొట్టం వద్దని సంతకం పెట్టాను. మధ్యాహ్నం భోజనానికి రోజూ నేను వస్తానని మాటిచ్చాను. ఉదయం, రాత్రి తినిపించినందుకు నెలకి రెండు వేలు విడిగా ఇస్తానని ఆయాతో అన్నాను. ఆవిడ జీతం పన్నెండు గంటల డ్యూటీకి పదకొండు వేలు. మేం ఆశ్రమానికి కట్టేది ముప్పై అయిదు వేలు. చాలా ఉదారంగా మాట్లాడుతున్నాననుకున్నాను. ఆవిడ చీపురు పక్కన పెట్టి, "పైసలిస్తే తీసుకుంట మేడం, వద్దనను. కానీ మామ్మకు నలభై నిమిషాలు పెడితే పక్క మామ్మకు ఏం మిగులుతది? ఇంకో మనిషిని పెట్టమని చెప్పుర్రి" అంది.

నా తల్లి కోసం ఇంకో పద్నాలుగో వంతు కాలాన్ని నేను కొనుక్కుంటున్నాననీ, అది పక్క మంచం మామ్మగారి వాటాలోంచి వస్తుందనీ నాకు తోచనే లేదు. ఆ పక్క మంచం ఆవిడే కదా నన్ను అన్ని రోజులు ఊరడించింది.

మరో ఆరు కుటుంబాలతో కలిసి ఉత్తరం రాశాం. అందులో నలుగురు కూతుళ్లు, ఒక కోడలు, ఒక చెల్లెలు. కొడుకులు ఫోన్లో మద్దతు తెలిపారు. రెండు నెలల తర్వాత మధ్యాహ్నం పూటకి మాత్రం ఇంకో ఆయాని పెట్టారు. ఒక మనిషి. రాత్రి పూట అలాగే ఉంది. గొప్ప విజయమని రాయలేను.

సంక్రాంతి దాటాక అమ్మ బరువు 43కి వచ్చింది. ఆ రోజుల్లోనే ఒకటి జరిగింది. నేను లేను, ఆయా చెప్పింది. చెంచా నోటి దాకా తెస్తే అమ్మ ఆవిడ మొహంలోకి చూసి "మీరెవళ్ళే?" అందట. ఆ బహువచనం అర్థం కాని తెలుగు మనిషి ఉండదు. ఆయాకీ అర్థమైంది. "మేమెవలమైతేంది మామ్మా, బువ్వ సల్లగైతది, నోరు తెరువు" అందట. అమ్మ నోరు తెరిచిందట. ఇది చెప్పి ఆయా పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అమ్మ మారిందని ఒక కథ రాసుకోవచ్చు. నేను నమ్మను. ప్రశ్న గుర్తుంది, జవాబు విన్నాక ఏం చెయ్యాలో మరిచిపోయి ఉండొచ్చు. ఆకలేసి ఉండొచ్చు. యాభై ఏళ్లు నేను వాదించి గెలవలేనిదాన్ని జబ్బు గెలిచిందంటే అందులో నాకు సంతోషించేదేముంది? పైగా ఆ ప్రశ్నని ప్రతి పూటా ఎదుర్కొనేది నేను కాదు. "ఇట్ల ఎందరు అడుగుతరు మేడం, లెక్కే లేదు" అంది ఆవిడ, నవ్వు ఆపాక.

అమ్మ 2023 ఆగస్టులో పోయింది. జ్వరం, ఆయాసం, నాలుగు రోజులు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. గొట్టం వేయించి ఉంటే అని తమ్ముడు అనలేదు. నేను మాత్రం చాలా రాత్రులు అనుకున్నాను. ఆ రెండు ఔన్సుల కాఫీ గురించి కూడా అనుకున్నాను. అమ్మకి తెలివి ఉన్న చివరి ఉదయం కూడా ఆ కాఫీ ఇచ్చామని ఆయా చెప్పింది. చెంచా వదలకుండా చప్పరించిందట. వద్దని నేను ముందు రోజు ఫోన్లో చెప్పాను. ఆవిడ నా మాట వినలేదు.

మంగళ, శుక్రవారాలు ఇప్పటికీ అక్కడికి వెళ్తున్నాను. అదే అంతస్తులో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ ఉన్నారు, పార్కిన్‌సన్స్. మొదట్లో నేను చెంచా మరీ నిండుగా పట్టేదాన్ని, ఆయా చూసి సగం తీసేసేది. మొన్న శుక్రవారం ఆవిడకి మామిడిపండు గుజ్జు తీసి వడగట్టి తీసుకెళ్లాను. పదకొండు చెంచాలు తిన్నారు, యాభై నిమిషాలు పట్టింది. పన్నెండో చెంచాకి చెయ్యి అడ్డం పెట్టారు. గిన్నె పక్కన పెట్టి, నోరు కడగడానికి నీళ్లు తెచ్చాను.